వరంగల్ నుంచి శంషాబాద్ విమానానికి ఇంట్లో ఎన్ని గంటలకు బయలుదేరాలి?

హంటర్‌రోడ్డు వాసి (చర్చ ప్రారంభం):

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం 6 గంటల 40 నిమిషాల విమానంలో శంషాబాద్ నుంచి ఢిల్లీకి, మా అక్క దగ్గరికి వెళ్తున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం. నాన్నకు 68 ఏళ్లు, అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. రెండు పెద్ద సూట్‌కేసులు, చేతిలో రెండు చిన్న సంచులు ఉంటాయి.

ఎప్పుడు బయలుదేరాలన్న విషయం మీద మా ఇంట్లో మూడు రోజులుగా పంచాయితీ నడుస్తోంది. కాజీపేటలో రైలు ఎక్కాలన్నా గంటన్నర ముందే వెళ్లి ప్లాట్‌ఫారం మీద కూర్చునే మా నాన్న, శనివారం సాయంత్రం ఏడు గంటలకే అన్నం తిని కారెక్కుదామంటున్నారు. మా బావ మాత్రం, అర్ధరాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి రెండున్నరకు బయలుదేరినా ఆరింటి లోపు విమానాశ్రయంలో ఉంటామని వాదిస్తున్నారు. ఈ రెండింటికీ మధ్య ఏడున్నర గంటల తేడా ఉంది. తరచూ వెళ్లివచ్చే వారు దయచేసి లెక్కతో సహా చెప్పగలరా?

కౌంటర్ వెనుక మనిషి:

నేను ఒక విమానయాన సంస్థ కౌంటరులో ఆరేళ్లు పనిచేసి మానేశాను. ముందుగా మీ బావగారి లెక్కలోని లోపం చెబుతాను, ఎందుకంటే నేను కౌంటరులో ఉన్నప్పుడు ఏడుపు ముఖాలతో నిలబడిన వారిలో ఎక్కువమంది చేసిన పొరపాటు అదే. టికెట్ మీద 6:40 అని ఉన్నంత మాత్రాన అది మీరు చేరుకోవలసిన సమయం కాదు. మన దేశంలో దేశీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటరును చాలా సంస్థలు 60 నిమిషాల ముందే మూసేస్తాయి. అంటే మీ అసలు గడువు 5:40. ఎక్కే గేటును సాధారణంగా 25 నిమిషాల ముందు మూస్తారు కాబట్టి అది 6:15. రెండున్నరకు వరంగల్‌లో బయలుదేరి ఆరింటికి చేరితే విమానం కళ్లెదుటే ఉంటుంది, మీరు మాత్రం అందులో ఉండరు.

అరవై నిమిషాలు ఎందుకని చాలామంది మాతో గొడవపడేవారు. మీరిచ్చిన సూట్‌కేసు బెల్టు మీద నుంచి తనిఖీ యంత్రంలోకి వెళ్తుంది, అనుమానం వస్తే పక్కకు తీస్తారు, ఆ తరువాత బండ్ల మీద విమానం దాకా వెళ్లి ముందరి అరలోనో వెనుక అరలోనో చేరుతుంది. ప్రయాణికులెందరు, సామాను బరువెంత, ఏ అరలో ఎంత పెట్టారు అన్నదంతా కలిపి ఒక పత్రం తయారవుతుంది. ఆ బరువు లెక్క కెప్టెన్ చేతికి వెళ్లాకే విమానం కదులుతుంది. చివరి నిమిషంలో ఒక పెట్టె ఎక్కితే ఆ లెక్కంతా మళ్లీ చేయవలసి వస్తుంది. కౌంటరులో కూర్చున్న అమ్మాయికి జాలి లేక కాదు, గడువు దాటగానే కంప్యూటరే ఆమె చేతులు కట్టేస్తుంది.

అందువల్ల లెక్కను 5:40 నుంచి వెనక్కి వేయండి. పెద్దవారు, మొదటిసారి, పెట్టెలున్నాయి, పైగా ఆదివారం ఉదయం. ద్వారం దగ్గర వరుసకు, కౌంటరు వరుసకు కలిపి గంటకు పైగా పెట్టుకుని 4:15 నుంచి 4:30 మధ్య టెర్మినల్ ముందు దిగండి. అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్టులో ఇప్పుడే నమోదు చేయించండి. అప్పటికప్పుడు అడిగినా ఇస్తారు గాని, తోసే మనిషి దొరికేదాకా ఆగాలి.

ఎన్‌హెచ్ 163 డ్రైవర్:

పై సభ్యులు విమానాశ్రయంలోని లెక్క చెప్పారు, నేను రోడ్డు లెక్క చెబుతాను. హన్మకొండ నుంచి శంషాబాద్‌కు పదకొండేళ్లుగా కారు నడుపుతున్నాను. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ మీదుగా ఘట్‌కేసర్ వరకు సుమారు 120 కిలోమీటర్లు, అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా ఇంకో 45 నుంచి 50 ఉంటాయి. రాత్రిపూట మామూలుగా మూడు గంటల పావు పడుతుంది. మూడు గంటల్లో దింపుతానని ఎవరైనా డ్రైవరు గొప్పగా చెబితే ఆ కారు ఎక్కకండి. ఔటర్ మీద 120 వేగం దాకా అనుమతి ఉన్నా, రాత్రి మూడింటికి అంచున లైట్లు లేకుండా ఆపిన లారీలు ఉంటాయన్నది మరిచిపోకూడదు.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందో తెలిస్తే ఎంత సమయం అదనంగా పెట్టుకోవాలో అర్థమవుతుంది. కోమళ్ల, గూడూరు దగ్గర రెండు టోల్ ప్లాజాలు, తరువాత ఔటర్ టోలు ఉన్నాయి. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో ముందురోజే చూసుకోవాలి, ఎందుకంటే అర్ధరాత్రి గేటు ముందు నిలబడి రీఛార్జి చేస్తే అది వెంటనే పడకపోవచ్చు. రాయగిరి దగ్గర యాదగిరిగుట్ట నుంచి వచ్చే బండ్లు కలుస్తాయి. తెల్లవారుజామున ఇబ్బంది లేదు గాని, ఆదివారం మధ్యాహ్నం తరువాత విమానమైతే మాత్రం అక్కడే అరగంట పోవచ్చు. దసరా, బతుకమ్మ సెలవులు ముగిసిన మరునాడు హైదరాబాద్ వైపు దారి అంతా ఒకే బారు. డిసెంబరు, జనవరిలో చెరువుల పక్కన పొగమంచు కమ్ముకుంటే ముందున్న బండి వెనుక లైట్లు చూసుకుంటూ నలభై వేగంతో పోవలసి వస్తుంది.

ఒక టైరు పంక్చరుకు అరగంట, టీకి, మూత్రానికి పదిహేను నిమిషాలు. ఈ నలభై ఐదు నిమిషాలు కలుపుకుంటే 12:15కు ఇంటి ముందు కారు కదలాలి. ఇంకొక మాట. శనివారం పగలంతా కిరాయిలు తిప్పిన డ్రైవరును రాత్రి పిలవకండి. రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఎంతటి వాడికైనా రెప్ప పడుతుంది. నేనైతే పెంబర్తి దగ్గర తప్పకుండా ఆపి, ముఖం కడుక్కుని, టీ తాగి కదులుతాను. సార్‌వాళ్లు విసుక్కున్నా సరే, ఆ పది నిమిషాలు నావి.

వారంవారం విమానం:

ఇంత కంగారు అవసరమా అన్నది నా సందేహం. నేను హైదరాబాద్‌లో ఉంటూ కంపెనీ పని మీద నెలకు నాలుగైదు సార్లు బెంగళూరు వెళ్తాను. గేటు మూసే సమయానికి గంట ముందు టెర్మినల్‌లో అడుగుపెడతాను, ఇంతవరకు ఒక్కటి కూడా తప్పలేదు. ఇంట్లోనే వెబ్ చెక్ఇన్ చేసుకుంటాను, చేతిలో ఏడు కిలోల సంచి ఒక్కటే, ఫోనులో డిజియాత్ర యాప్ ఉంది. ఆధార్‌తో నమోదై, సెల్ఫీ ఇచ్చి, బోర్డింగ్ పాస్ అందులో పెట్టుకుంటే ద్వారం దగ్గర కెమెరాకు ముఖం చూపించి లోపలికి నడిచిపోవచ్చు. మన విమానాశ్రయంలో 2023 నుంచి ఈ సదుపాయం ఉంది. విమానాశ్రయాల్లో మూడు గంటలు కూర్చుని రెండు వందల రూపాయల టీ తాగేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

కౌంటర్ వెనుక మనిషి:

మీ పద్ధతి మీకు సరిపోతుంది, అందులో వాదన లేదు. కానీ మీరు ఉండేది హైదరాబాద్‌లో, మీకు పెట్టె లేదు, మీకు తప్పితే కంపెనీ ఇంకో టికెట్ కొంటుంది. వెబ్ చెక్ఇన్ చేసుకున్నా పెట్టె ఉంటే కౌంటరు గడువే వర్తిస్తుంది. ఇది చాలామంది పట్టించుకోరు.

డిజియాత్ర గురించి ఒక హెచ్చరిక. మన వైపు టికెట్టులో ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టడం అలవాటు, ఆధార్‌లో మాత్రం పూర్తిగా ఉంటుంది. రెండింటిలో పేరు ఒక్కలా లేకపోతే ఆ యంత్రం ఒప్పుకోదు, మళ్లీ మామూలు వరుసలోకే రావాలి. డిజియాత్ర లేకపోయినా నష్టం లేదు. టికెట్టు, అసలు గుర్తింపు కార్డు చూపిస్తే ద్వారం దగ్గరి సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది లోపలికి పంపుతారు. జిరాక్సు పనికిరాదు.

జగిత్యాల టు దుబాయ్:

దేశీయ విమానం గురించి అడిగారు గాని, మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవారు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి రెండు విషయాలు రాస్తున్నాను. నేను పద్నాలుగేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చాను.

మొదటిది తేదీ విషయం. గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రిపూటే ఉంటాయి. టికెట్టు మీద 12వ తేదీ, 00:50 అని ఉంటే, అది 11వ తేదీ రాత్రి భోజనం చేశాక వచ్చే అర్ధరాత్రి. మా చిన్నాన్న కొడుకు 12వ తేదీ రాత్రి అనుకుని, ఆ రోజు పొద్దున గుడికి వెళ్లి, మధ్యాహ్నం బంధువులకు కోడి కోసి భోజనాలు పెట్టి, సాయంత్రం తొమ్మిది మంది రెండు బండ్లలో బయలుదేరారు. విమానాశ్రయం ద్వారం దగ్గర టికెట్టు చూసిన జవాను, ‘ఇది నిన్ననే వెళ్లిపోయింది కదా’ అన్నాడు. మా చిన్నమ్మ ఆ మాట అర్థం కాక, కొడుకు చేతికి కట్టిన నిమ్మకాయ దారాన్ని సరిచేస్తూనే ఉంది. వీసా గడువు మిగిలి ఉంది గనుక సరిపోయింది గాని, కొత్త టికెట్టు కోసం చేసిన అప్పు తీరడానికి మూడు నెలల జీతం పట్టింది. అందుకే మా ఊళ్లో ఎవరికి టికెట్టు వచ్చినా నేను వెళ్లి, ‘ఏ రోజు రాత్రి అన్నం తిని కారెక్కుతావు?’ అని అడుగుతాను. తేదీ అడిగితే అందరూ చెబుతారు, ఈ ప్రశ్నకే తడబడతారు.

రెండోది సమయం. విదేశీ విమానానికి మూడు గంటల ముందు ఉండాలని అందరూ చెబుతారు. కౌంటరు 60 నుంచి 75 నిమిషాల ముందు మూతపడుతుంది. పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టులో వలస తనిఖీ అవసరమని ముద్ర ఉంటుంది. అటువంటి పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా వచ్చిన అనుమతి ఉండాలి. ఇమ్మిగ్రేషన్ అధికారి ఆ కాగితం, కంపెనీ ఒప్పందం, వీసా అన్నీ చూసి ప్రశ్నలు వేస్తాడు. ఆ కాగితాలు పెద్ద పెట్టెలో పెట్టి కౌంటరులో ఇచ్చేసిన వారిని నా కళ్లతో చూశాను. మా వారికి నేను నాలుగు గంటలు చెబుతాను. సాగనంపడానికి రెండో బండి వస్తే, ఒక బండి కోసం ఇంకోటి ఆగకూడదని కూడా చెబుతాను.

నయీంనగర్ అమ్మమ్మ:

అమెరికాలో మనవరాలి దగ్గరికి నాలుగుసార్లు, ముంబయికి లెక్కలేనన్ని సార్లు వెళ్లివచ్చిన దానిని. మగవారు రోడ్డు, కౌంటరు లెక్కలే చెప్పారు, పెట్టెలో ఏముందో ఎవరూ అడగలేదు. సమయమంతా పోయేది అక్కడే.

హంటర్‌రోడ్డు బాబూ, మీ అమ్మ కూతురి దగ్గరికి వెళ్తోందంటే పెట్టెలో ఎండు కొబ్బరి తప్పక ఉంటుంది. దాన్ని తీసేయించు. నూనె ఎక్కువ గనుక అంటుకుంటుందని ఎండు కొబ్బరిని చేతి సంచిలోనే కాదు, పెద్ద పెట్టెలో కూడా ఒప్పుకోరు. నాకు ఒకసారి పెట్టె ఇచ్చేసి హాయిగా లోపల కూర్చున్నాక పేరు పెట్టి పిలిచారు. వెళ్లి తాళం తీసి, చీరల మధ్య చుట్టి పెట్టిన ఆరు చిప్పలు వారికి అప్పగించి వచ్చేసరికి మా వరుసలో అందరూ విమానం ఎక్కేశారు. నెయ్యి, మిరపకాయ పచ్చడి పెద్ద పెట్టెలోకే వెళ్లాలి. పవర్ బ్యాంకు సంగతి దానికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. సకినాలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు, అయితే తెర మీద ఆ చుట్టలు చూసి ఒకమారు మూత తీయమన్నారు. వాసన చూసిన అబ్బాయి నిజామాబాద్ వాడట, నవ్వి పంపించాడు.

ఆడవారికి తనిఖీ తెర చాటున జరుగుతుంది, ఆ వరుసలు తక్కువగా ఉండటం వల్ల మగవారి కంటే ఆలస్యమవుతుంది. మీ నాన్న ముందు బయటపడి గాబరా పడకుండా, తన ట్రేలోని సామానుతో పాటు ఆమె సంచి కూడా చూసుకుంటూ అక్కడే నిలబడమని చెప్పు. బంగారు గాజులు, పిన్నులు తక్కువ పెట్టుకుంటే గంట మోగదు.

కాజీపేట జంక్షన్:

కారు కిరాయి భరించలేని వారికి రైలు కూడా ఒక దారే. సికింద్రాబాద్ వరకు రైలు, అక్కడి నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సు. అయితే తెల్లవారుజాము విమానానికి ఇది కుదరదు, మధ్యాహ్నం తరువాతి వాటికే ఆలోచించండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైన తరువాత కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి కాబట్టి టికెట్టు మీద చివరి స్టేషన్ పేరు చూసుకోవాలి. నేను రైలు మార్గంలో వెళ్తే విమానానికి ఏడు గంటల ముందు కాజీపేటలో ఎక్కుతాను.

భీమారం రెక్కలు:

మన వరంగల్ పక్కనే ఉన్న మామునూరులో విమానాశ్రయం వస్తే ఈ గొడవంతా తీరిపోతుంది. నిజాం కాలంలో 1930లోనే కట్టారు, 1981 దాకా విమానాలు దిగాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి కూడా ఇచ్చింది.

ఎన్‌హెచ్ 163 డ్రైవర్:

వచ్చినప్పుడు సంతోషంగా మామునూరుకే కిరాయి తిప్పుతాను. వచ్చే నెల రెండో ఆదివారానికి మాత్రం శంషాబాదే దిక్కు. అన్నట్టు మేడారం జాతర సంవత్సరాల్లో ప్రయాణాలు పెట్టుకునేవారు కూడా గమనించాలి. రెండేళ్లకోసారి మాఘ మాసంలో ఆ నాలుగు రోజులు, అమ్మవార్లు వనప్రవేశం చేశాక తిరుగు జనం వచ్చే ఇంకో రోజు, నేను విమానం కిరాయిలకు మామూలు లెక్క మీద రెండు గంటలు కలుపుతాను, లేదా ముందురోజే శంషాబాద్‌లో గది తీసుకోమంటాను.

రాయగిరి బాధితుడు:

ఒక సంగతి మొహమాటం లేకుండా ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇది చదివి ఒక్కరైనా అరగంట ముందు కదిలితే నాకు సంతోషం. నిరుడు వేసవిలో మా కుటుంబం నలుగురం విహారయాత్రకు బయలుదేరాం. నా లెక్క అంతా సరిగ్గానే ఉంది, అదనపు సమయం మాత్రం పెట్టుకోలేదు. రాయగిరి దాటాక టైరు పగిలింది. స్టెప్నీలో గాలి లేదు. కౌంటరు ముందుకు చేరేసరికి ఇంకా 52 నిమిషాలుంది. ఎనిమిది నిమిషాల తేడా. విమానం అక్కడే ఉంది, అద్దంలోంచి కనిపిస్తోంది, పిల్లలు దానికి చేతులూపుతున్నారు.

ఆలస్యంగా వచ్చినవారికి పరిహారమేమీ రాదు. విమానమే రెండు గంటలకు పైగా ఆలస్యమైతే ఫలహారం ఇవ్వాలని, ఆరు గంటలు దాటితే వేరే విమానమో డబ్బు వాపసో ఇవ్వాలని నియమాలున్నాయి గాని, మన ఆలస్యానికి అవి వర్తించవు. అయితే చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. విమానం ఎక్కకపోయినా టికెట్టులో కలిపి వసూలు చేసిన విమానాశ్రయ రుసుములు, పన్నులు అడిగితే వెనక్కి ఇవ్వాలి. నేను అడిగాను, వచ్చాయి. నాలుగు టికెట్ల ధరలో అది చిన్న మొత్తమే, అయినా అడగడం మానకండి.

వారంవారం విమానం:

మీ అనుభవం చదివాక నా మొదటి వ్యాఖ్యలోని నవ్వును వెనక్కి తీసుకుంటున్నాను. నా పద్ధతి నాదే, కానీ మా అమ్మను పంపేటప్పుడు నేను కూడా రెండు గంటల ముందే దింపుతానని ఇప్పుడు గుర్తొచ్చింది.

హంటర్‌రోడ్డు వాసి:

అందరికీ ధన్యవాదాలు. పైవన్నీ నాన్నకు చదివి వినిపించాను. రాత్రి 12:15 అన్న మాటకు ఆయన ఒప్పుకోలేదు. ఏడింటికి బయలుదేరితే నష్టమేమిటని ఒకే ప్రశ్న.

కౌంటర్ వెనుక మనిషి:

రాత్రి పదిన్నరకు దిగితే మీ పెట్టెలు తీసుకునే కౌంటరు అప్పటికి తెరుచుకోదు. అన్ని గంటల ముందు లోపలికి కూడా పంపకపోవచ్చు. డిసెంబరు చలిలో పెట్టెలు పక్కన పెట్టుకుని బయట కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారి పేరు చెప్పి చూడండి.

హంటర్‌రోడ్డు వాసి (ప్రయాణం తరువాత):

అమ్మానాన్నలు క్షేమంగా ఢిల్లీ చేరారు. అమ్మ పేరు చెప్పాక నాన్న పదకొండున్నరకు దిగివచ్చారు, చివరికి 11:50కి కారు కదిలింది. పెంబర్తి దగ్గర టీ తాగాము. భువనగిరి దాటాక పొగమంచు దట్టంగా ఉండి ఇరవై నిమిషాలు పోయాయి. అది తప్ప ఆటంకం లేదు, 3:35కు టెర్మినల్ ముందు దిగాము. ఎండు కొబ్బరి ఇంట్లోనే తీసేయించాను గాని, పెద్ద పెట్టెలో నాన్న పవర్ బ్యాంకు పెట్టారని ద్వారం దగ్గర గుర్తొచ్చింది. ఆ చలిలో, లైటు స్తంభం కింద పెట్టె తెరిచి, అమ్మ మడత పెట్టిన స్వెటర్లన్నీ నా భుజాల మీద వేసుకుని వెతికితే, అది సకినాల డబ్బాలో దొరికింది. ఆ పనికి పన్నెండు నిమిషాలు పట్టింది. లోపలికి వెళ్లాక 4:25కు పెట్టెలు ఇచ్చేశామని, 4:50కి గేటు ముందు కూర్చున్నామని నాన్న ఫోన్ చేశారు. మిగిలిన సమయంలో గేటు నంబరు మారిందేమోనని ఆయన తెర దగ్గరికి ఆరుసార్లు వెళ్లి చూసి వచ్చారట. ఆరోసారి నిజంగానే మారిందట.

ఇక తిరుగు ప్రయాణం సంగతి. ఢిల్లీ నుంచి 24వ తేదీ రాత్రి 8:15కు విమానం ఉంది. అక్కడ టెర్మినళ్లు వేర్వేరు చోట్ల ఉంటాయని, టికెట్టు మీద టెర్మినల్ సంఖ్య చూసుకోవాలని అక్క చెప్పింది. ద్వారక నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలో ఢిల్లీలో ఉంటున్న సభ్యులెవరైనా చెప్పగలరా? నాన్న మాత్రం పొద్దున టిఫిన్ చేసి బయలుదేరుదామంటున్నారు.